శిలాదర్శనము - రూపకవిచారము

కళను దర్శించుట యెల్ల రూపకమును గల్పించుటయే యగునా యను ప్రశ్న యాలంకారికులకుఁ గ్రొత్తది కాదు. శ్రీశంకుకుఁడు రసమును వివరించుచుఁ జిత్రతురగన్యాయమును జెప్పెను. పటమునందలి గుఱ్ఱమును జూచువాని జ్ఞానము నిశ్చయము, భ్రమ, సంశయము, సాదృశ్యము అను నాల్గింటిలో దేనియందును జేరదనియు, నది విలక్షణమగు ప్రతీతి యనియు నతని మతము. అభినవగుప్తుఁడు దీనిని అభినవభారతియందు విమర్శించెను; మమ్మటుఁడు కావ్యప్రకాశమునం దుదాహరించెను.

ఈ విచారమునకుఁ దగిన నిదర్శనము హైదరాబాదునకుఁ బడమటనున్న మాదాపూరు ప్రాంతమునఁ గలదు. అచ్చటి గ్రానైటు శిలలు ఇంచుమించు 250 కోట్ల సంవత్సరముల నాఁటివి. అవి యెండవానలకు బీటలువాఱి, యంచు లరిగి, యొకదానిపై నొకటి పేర్చినట్లు నిలిచినవి. మాదాపూరున 1992లో శిల్పారామమును, 1998లో సైబర్ టవర్సును వెలసెను. మేడలు, బాటలు పెరుగఁగాఁ బెక్కు గుట్టలు పగులఁగొట్టఁబడెను. శిలారక్షణమునకై 1996లో నొక సంఘ మేర్పడెను. నాఁటి నగరాభివృద్ధిసంస్థయు తన 13వ నిబంధనక్రింద రక్షణీయశిలలను బట్టికలోఁ జేర్చెను.

ఆ పట్టికలోని యాంగ్లనామములు పరిశీలింపఁదగినవి. శిల్పారామములోని శిల 'ఎలుఁగుబంటి ముక్కు'. హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణములోనిది 'పుట్టగొడుగు రాయి'. రెండవదాన రాయి యను విషయము నిలిచియున్నది గావున రూపకము. మొదటిదాన విషయము నిగీర్ణమైనది గావున రూపకాతిశయోక్తి. ఇంతమాత్రమునఁ జూచుటయే రూపక మనవచ్చునా? అనరాదు. దుర్గం చెఱువు చుట్టునున్న గుట్టలు ఏ యుపమానమును లేక స్థలనామముతోనే యా పట్టిక కెక్కినవి. వాని సౌందర్యమును గుర్తించిన కన్ను రూపకము నపేక్షింపలేదు.

శబ్దానుగమము లేని జ్ఞానము లేదని వాక్యపదీయమున భర్తృహరి సిద్ధాంతము గదా యని యాక్షేపింపవచ్చును. నిజమే. కాని శబ్దము వేఱు, ఆరోపము వేఱు. గుట్ట యను వాచకశబ్దముతోనే యా దర్శనము సిద్ధించును. కావున రూపకము దర్శనమునకుఁ గారణము గాదు. ఒకఁడు చూచినదానిని వేఱొకనికిఁ జూపుటకు సాధనము. 'ఎలుఁగుబంటి ముక్కు' అని విన్నవాఁడు ఆ శిలను వెదకి చూచును. చూచిన పిదప మఱువఁడు.

ఈ భేదము శాస్త్రవినోదమునకే కాదు. 2015లో నా నిబంధన తొలఁగింపఁబడెను. ఉపమానము దొరకిన శిలయే కళయని యెంచినచో, పోలిక కందని గుట్టల పక్షమునఁ బలుకువారుండరు. పేరుగల శిలకు సాక్షులు పెక్కురు. పేరులేని శిలకుఁ జూచువాని కన్నే సాక్షి. ఆ సాక్ష్యమును బ్రమాణముగా నంగీకరించుటయే న్యాయము.