సర్పంచ్ కుర్చీలో ఆడమనిషి కూర్చుంటే ఏం మారింది?



ఈ సంవత్సరం మన సమాఖ్య నివేదిక పుస్తకంలో చరిత్ర గురించి ఒక వ్యాసం రాయమని మీటింగులో నాకు అప్పజెప్పారు. నేను చదివింది పదో తరగతి. రాజుల చరిత్ర నాకు రాదు. కానీ మనలాంటి ఆడవాళ్లు పంచాయతీలోకి ఎలా వచ్చారు, వచ్చాక ఏం జరిగింది అనేదీ చరిత్రే. దాని మీద పెద్ద చదువులు చదివినవాళ్లు ఊళ్లు తిరిగి పరిశోధన చేశారు. మండల సమాఖ్య శిక్షణలో ఆ సంగతి మొదటిసారి విన్నాను. తర్వాత డిగ్రీ చదివే మా ఆడబిడ్డ కూతురి చేత చదివించుకుని, అర్థమైనంత రాసుకున్నాను. అదే మీకు చెబుతున్నాను.

ముందు మా ఊరి సంగతి. 2013లో మా సర్పంచ్ పదవి ఆడవాళ్లకు రిజర్వు అయింది. మా సంఘంలోని ఒక అక్కను నిలబెట్టారు, గెలిచింది. కానీ పంచాయతీ ఆఫీసులో కుర్చీ మీద కూర్చున్నది వాళ్లాయన. కాగితాలు ఇంటికి వస్తే అక్క పొయ్యి దగ్గర నుంచి లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని సంతకం పెట్టేది. మేమందరం వెనకాల "సంతకాల సర్పంచ్" అని నవ్వుకున్నాం. 2021లో సీటు జనరల్ అయింది. "నువ్వు మళ్లీ నిలబడక్కా" అని మాలో ఒక్కరం కూడా అనలేదు. ఈ పరిశోధన గురించి విన్న రోజు నాకు గుర్తొచ్చింది ఆ అక్కే.

ఇక చరిత్రలోకి వద్దాం. మన దేశంలో పంచాయతీరాజ్ 1959లో మొదలైంది. అక్టోబర్ 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో, ఆ తర్వాత అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని షాద్‌నగర్‌లో నెహ్రూ గారు ప్రారంభించారు. దానికి దారి వేసింది 1957 నాటి బల్వంతరాయ్ మెహతా కమిటీ. పంచాయతీ సంస్థల్లో ఇద్దరేసి ఆడవాళ్లను చేర్చుకోవాలని ఆ కమిటీ చెప్పింది. అంటే ఓట్లతో గెలిచి రావడం కాదు, గెలిచిన మగవాళ్లు పిలిచి కూర్చోబెట్టడం. పిలిచి కూర్చోబెట్టిన మనిషి ఎంత మాట్లాడగలదో మనకు తెలియనిది కాదు.

1971లో కేంద్ర ప్రభుత్వం దేశంలో ఆడవాళ్ల స్థితి ఎలా ఉందో చూడటానికి ఒక కమిటీ వేసింది. 1974లో ఆ నివేదిక వచ్చింది. చట్టసభల్లో ఆడవాళ్లకు సీట్లు కేటాయించాలా అన్న దగ్గర కమిటీలో ఎక్కువమంది వద్దన్నారు. రాజనీతి శాస్త్రం చెప్పిన వీణా మజుందార్, న్యాయశాస్త్రం చెప్పిన లతికా సర్కార్ మాత్రం ఒప్పుకోలేదు. సీట్లు కేటాయించక తప్పదని వేరుగా రాసి ఇచ్చారు. పదిమంది ఒక మాట అంటుంటే కాదని రాసి సంతకం పెట్టడం ఎంత కష్టమో, తీర్మానాల పుస్తకం రాసే మనకు తెలుసు.

తర్వాత కర్ణాటక ముందడుగు వేసింది. అక్కడ నాలుగో వంతు సీట్లు ఆడవాళ్లకు ఇచ్చి 1987లో ఎన్నికలు పెట్టారు. 1992 డిసెంబరులో పార్లమెంటు 73వ రాజ్యాంగ సవరణ చేసింది. 1993 ఏప్రిల్ 24 నుంచి అది అమల్లోకి వచ్చింది. దేశమంతా పంచాయతీ సభ్యుల్లోనే కాదు, అధ్యక్ష పదవుల్లోనూ మూడో వంతు ఆడవాళ్లకే ఉండాలని చట్టమైంది. మన దగ్గర 2013 ఎన్నికలకు అది సగమైంది.

ఇప్పుడు పరిశోధన దగ్గరకు వస్తాను. పశ్చిమ బెంగాల్‌లో సర్పంచ్‌ను ప్రధాన్ అంటారు. 1993లో అక్కడ మెంబర్ల సీట్లు మాత్రమే ఆడవాళ్లకు కేటాయించారు. ప్రధాన్ అయిన ఆడవాళ్లు నూటికి ఆరుగురే. 1998లో ప్రధాన్ పదవుల్లోనూ మూడో వంతు కేటాయించారు. ఏ పంచాయతీ ఆడవాళ్లకు అన్నది ఎవరి ఇష్టం మీదా ఉండదు. చీటీ తీసినట్టు వరస నంబర్ల ప్రకారం వస్తుంది.

రాఘవేంద్ర చటోపాధ్యాయ్, ఎస్తేర్ డఫ్లో అనే ఇద్దరు పరిశోధకులు ఈ చీటీ పద్ధతినే పట్టుకున్నారు. ఎందుకంటే, మామూలుగా ఒక ఊళ్లో ఆడమనిషి గెలిచి ఆ ఊరు బాగుపడితే, "ఆ ఊరు ముందే మంచిది, అందుకే ఆడమనిషిని గెలిపించింది" అనొచ్చు. చీటీ మంచి ఊరు, చెడ్డ ఊరు చూడదు. కాబట్టి రిజర్వు అయిన ఊళ్లనీ కాని ఊళ్లనీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ తేడా ఆడమనిషి పదవిలో ఉండటం వల్లే వచ్చిందని తెలుస్తుంది. బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో, రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్‌లో కలిపి 265 పంచాయతీలు చూసి, 2004లో ఆ ఫలితాలు అచ్చు వేశారు. డఫ్లో గారికి 2019లో పేదరికం మీద చేసిన పనికి మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి కూడా వచ్చింది.

వాళ్లకు ఏం కనబడింది? రిజర్వేషన్ మీద వచ్చిన ఆడ ప్రధాన్లు మగవాళ్లకంటే తక్కువ చదువుకున్నవాళ్లు, బీదవాళ్లు, అనుభవం లేనివాళ్లు. చాలామందికి భర్తలు సాయం చేసేవాళ్లు. అచ్చం మా ఊరి అక్కలాగే. అయినా బీర్భూమ్‌లో ఆడ ప్రధాన్ ఉన్న పంచాయతీలో మంచినీటి వసతులు సుమారు తొమ్మిది ఎక్కువ వచ్చాయి. నీళ్లు మోసేది ఆడవాళ్లు కదా, అర్జీల్లో ఎక్కువగా నీళ్లు అడిగేదీ వాళ్లే. అక్కడ ఆడవాళ్లకు రోడ్డు పనుల్లో కూలి దొరుకుతుంది, అందుకని వాళ్లు రోడ్లు కూడా అడిగారు. రోడ్లూ మెరుగయ్యాయి. రాజస్థాన్‌లో పనికోసం ఊరు దాటి వెళ్లేది మగవాళ్లు, రోడ్లు అడిగేదీ వాళ్లే. అక్కడ ఆడ సర్పంచులున్న చోట నీళ్ల పనులు పెరిగాయి, రోడ్ల పనులు తగ్గాయి. అంటే ఆడవాళ్లు ఏది అడిగితే ఆ పని జరిగింది. బెంగాల్ గ్రామసభల్లో కూడా తేడా వచ్చింది. వచ్చిన వాళ్లలో ఆడవాళ్లు నూటికి ఏడుగురు ఉండేచోట పదిమంది అయ్యారు. కొంచెమే కావచ్చు, అయినా మార్పే.

కానీ ఒక బాధ పెట్టే విషయం కూడా బయటపడింది. మొదటిసారి వచ్చిన ఆడ ప్రధాన్ల పని బాగానే ఉన్నా, ఊరివాళ్లు ఆమెకు మార్కులు తక్కువ వేశారు. దీన్ని తేల్చుకోవడానికి డఫ్లో గారూ వేరే పరిశోధకులూ ఒక పరీక్ష పెట్టారు. గ్రామసభలో ప్రధాన్ మాట్లాడిన ఒకే ప్రసంగాన్ని ఒకసారి మగ గొంతుతో, ఒకసారి ఆడ గొంతుతో రికార్డు చేసి వినిపించారు. మాటలు అవే, మారింది గొంతు ఒక్కటే. ఆడ ప్రధాన్‌ను ఎప్పుడూ చూడని ఊళ్లలో మగవాళ్లు ఆడ గొంతుకు తక్కువ మార్కులు వేశారు. ఆడ ప్రధాన్‌ను చూసిన ఊళ్లలో ఆ తేడా పోయింది. రెండోసారి కూడా రిజర్వు అయిన ఊళ్లలో ఆడ ప్రధాన్‌కు మగవాళ్లతో సమానంగా మార్కులు పడ్డాయి. అలా రెండు దఫాలు చూసిన చోట్ల, రిజర్వేషన్ లేని సీట్లకు కూడా ఎక్కువమంది ఆడవాళ్లు నిలబడి గెలిచారు. ఇది 2009లో అచ్చయింది.

ఆడపిల్లల సంగతి 2012లో వచ్చింది. బీర్భూమ్‌లోనే 495 ఊళ్లు చూశారు. కొడుకు మీద ఉన్నంత ఆశ కూతురి మీద ఉండదు కదా. రెండు దఫాలు ఆడ ప్రధాన్ ఉన్న ఊళ్లలో తల్లిదండ్రుల ఆశల్లో ఉన్న ఆ తేడా నాలుగో వంతు తగ్గింది. చదువులో ఆడపిల్లలకూ మగపిల్లలకూ తేడా లేకుండా పోయింది. ఆడపిల్లలు ఇంటి పనికి పెట్టే టైము కూడా తగ్గింది. ఎవరూ వాళ్లకు పాఠం చెప్పలేదు. కుర్చీలో ఆడమనిషిని చూస్తూ పెరిగారు, అంతే.

అన్ని పరిశోధనలూ ఒకే మాట చెప్పలేదు, అది కూడా చెప్పాలి. రాడు బాన్, విజయేంద్ర రావు అనేవాళ్లు మన ఆంధ్రప్రదేశ్‌తో సహా దక్షిణాది నాలుగు రాష్ట్రాలు చూశారు. ఆడ సర్పంచులు ఉత్త బొమ్మలు అనడానికి వాళ్లకు ఆధారం దొరకలేదు. అలాగని ఆడవాళ్ల అవసరాలకే ఎక్కువ పని చేశారనీ తేలలేదు. అయితే రాజకీయ అనుభవం ఉన్నవాళ్ల దగ్గర తేడా కనబడింది. పెద్ద కులాల పెత్తనం తక్కువున్న ఊళ్లలో ఆడ సర్పంచులు బాగా పని చేశారు.

ఇవన్నీ చదివించుకున్నాక నేను ఆ అక్క ఇంటికి వెళ్లాను. మా కాలనీ బోరుకు మోటారు, పైపులైను ఎప్పుడు వచ్చాయి అని అడిగాను. "నా టైములోనే కదే. మీ బావ సిమెంటు రోడ్డు అన్నాడు. ముందు నీళ్లు వస్తేనే సంతకం పెడతానని మొండికేశాను" అంది. ఆ నీళ్లే బిందెలకు పట్టుకుంటూ మేము ఆమెను చూసి నవ్వాం. బెంగాల్‌లో మార్కులు తగ్గించింది వాళ్ల ఊరివాళ్లయితే, ఇక్కడ తగ్గించింది మేమే. నాకు తలెత్తి ఆమె ముఖం చూడబుద్ధి కాలేదు.

అక్కచెల్లెళ్లారా, నాకు అర్థమైంది ఇది. కుర్చీ చట్టం ఇస్తుంది. దాన్ని నిలబెట్టేది రెండో దఫా, అనుభవం, వెనక ఉండే మనుషులు. అనుభవం మనకు సంఘంలోనే దొరుకుతోంది. మీటింగు నడపడం, లెక్క చూడటం, బ్యాంకు మేనేజరుతో మాట్లాడటం మనం రోజూ చేస్తున్న పనులే.

అందుకని మూడు పనులు చేద్దాం. మీ ఊళ్లో ఆడ సర్పంచ్ ఉంటే ఆమెను గ్రామ సంఘం మీటింగుకు పిలవండి, ఆమె భర్తను కాదు. గ్రామసభకు పదిమంది కలిసి వెళ్లి ఆమె పక్కన కూర్చోండి. సీటు జనరల్ అయినప్పుడు, పని చేసిన ఆడమనిషిని మళ్లీ నిలబడమని మనమే ముందు అడుగుదాం.

మా గ్రామ సంఘం పుస్తకంలో ఈ మాట తీర్మానంగా రాశాం. మొదటి సంతకం ఆ అక్క చేతే పెట్టించాం.

ఇట్లు,
మీ సోదరి,
ఒక సంఘం లీడరు