డబ్లిన్‌లో మన విద్యార్థి

దోహా నగరంలో తెలుగు వినాలంటే వెతకనక్కరలేదు. కట్టడాల పనులకు వచ్చిన కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాలవారు, ఆసుపత్రులలోను, కార్యాలయాలలోను పనిచేసే కోస్తావారు ఇక్కడ ఎందరో ఉన్నారు. వీరి పిల్లలలో కొందరు పన్నెండవ తరగతి కాగానే పై చదువులకు ఐరోపా నగరాలకు వెళుతున్నారు. విమానాశ్రయంలో తల్లి ఆవకాయ సీసా ఏ పెట్టెలో పెట్టినదో మరల మరల చెబుతుంది. తండ్రి, దిగగానే ఫోను చెయ్యమని అంటాడు. ఆ మాటలు విన్నప్పుడల్లా ఉత్తరం చేరడానికే వారాలు పట్టిన కాలంలో, ఇట్లే బయలుదేరిన ఒక తెలుగు యువకుడు నాకు జ్ఞాపకం వస్తాడు. దక్షిణాఫ్రికా తెలుగువారమైన మనం ఆయనకు ఒక ఋణం ఉన్నాము. ఆ సంగతి మనలో చాలమందికి తెలియదు.

ఆయన వరాహగిరి వేంకటగిరి. 1894 ఆగస్టు 10న గంజాం జిల్లా బరంపురంలో జన్మించాడు. తండ్రి జోగయ్య పంతులు పేరుపొందిన న్యాయవాది. 1913లో కుమారుడు న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండు రాజధాని డబ్లిన్‌కు వెళ్ళాడు. అక్కడ యూనివర్సిటీ కాలేజీలోను, న్యాయవాదులను తయారుచేసే కింగ్స్ ఇన్స్‌లోను విద్యార్థి అయ్యాడు. అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్ళు.

ఆయన వెళ్ళిన సంవత్సరం సామాన్యమైనది కాదు. 1913 ఆగస్టులో డబ్లిన్ ట్రాము కార్మికులు సమ్మెకు దిగారు. సంఘాన్ని వదిలితేనే పని అంటూ యజమానులు దాదాపు ఇరవై వేలమందిని పనిలోనుండి తీసివేశారు. 1914 తొలి నెలల దాకా నగరంలో ఆకలి తాండవించింది. అంటే పుస్తకాలతోపాటు కూలివాని కష్టాన్ని కూడ చదివించే నగరం అది.

సరిగా ఆ నెలలలోనే, భూగోళానికి ఇంకొక కొసన, నేటాలులో మన పెద్దలు కూడ సమ్మెలో ఉన్నారు. 1860 నవంబరు 16న మద్రాసునుండి ట్రూరో ఓడ డర్బన్ చేరింది మొదలు, గిర్మిట్ మీద వచ్చినవారిలో గంజాం, విశాఖపట్నం జిల్లాలవారు ఎందరో ఉన్నారు. గడువు తీరినవారు తిరిగి ఒప్పందం చేసుకోవాలి, లేదా దేశం విడిచిపోవాలి, లేదా ఏటా మూడు పౌన్ల పన్ను కట్టాలి. ఆ పన్నుపై 1913 అక్టోబరులో న్యూకాసిల్ బొగ్గు గనుల కూలీలు పని మానారు. నవంబరులో చెరకు తోటలూ కదిలాయి. కొరడా దెబ్బలు, చెరసాలలు, తుపాకి గుండ్లు కూడ వారు చవిచూశారు.

డబ్లిన్‌లోని భారతీయ విద్యార్థులు ఊరుకోలేదు. గిరి, ఆయన తోటివారు కలిసి దక్షిణాఫ్రికాలో భారతీయులు పడుతున్న హింసలను వివరిస్తూ ఒక కరపత్రం ప్రచురించారు. అది ప్రభుత్వ గూఢచారుల చేతికి చిక్కింది. నాటినుండి ఆ విద్యార్థులపై పోలీసుల నిఘా పెరిగింది. బారిస్టరు కావలసిన పడుచువాడు, తాను చూడనైనా చూడని చెరకు తోటల కూలీల కొరకు తన చదువునే పణంగా పెట్టాడు. మనకున్న ఋణం ఇదే.

తరువాతి కథ వేగంగా నడిచింది. 1914లో యుద్ధం మొదలైన రోజులలో గిరి లండనులో గాంధీజీని కలిశాడు. రెడ్‌క్రాసు సేవలో చేరమని గాంధీజీ కోరగా మొదట ఒప్పుకొని, పిదప విరమించుకున్నాడు. 1916 ఏప్రిల్ 24న డబ్లిన్‌లో ఐరిష్ స్వాతంత్ర్య తిరుగుబాటు చెలరేగింది. కాలేజీలో ఆంగ్లసాహిత్యం బోధించిన థామస్ మెక్‌డొనాను మే 3న కాల్చి చంపారు. కార్మిక నాయకుడు జేమ్స్ కానలీకీ మే 12న అదే గతి పట్టింది. భారతీయ విద్యార్థుల గదులలో సోదాలు జరిగాయి. జూన్ 21న గిరికి న్యాయవాద పట్టా లభించింది. నెలలోగా దేశం విడిచిపొమ్మని ఉత్తరువు కూడ అందింది. బి.ఏ. పూర్తికాలేదు. (అదే 1916 నవంబరులో ఖతార్ బ్రిటిషువారితో సంధి చేసుకొని వారి రక్షణ క్రిందికి వచ్చింది. ఆనాటి దోహా ముత్యాల వేటపై బ్రతికే చిన్న రేవు. అక్కడినుండి పిల్లలు ఐరోపా చదువులకు వెళ్తారని ఎవరు ఊహించగలరు?)

తిరిగి వచ్చిన గిరి బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మికుల నాయకుడై, 1928లో వారి సమ్మెను నడిపాడు. 1947నుండి 1951 వరకు సింహళంలో భారత హైకమిషనరుగా ఉన్నాడు. అదీ తోట కూలీల దేశమే. 1969లో రాష్ట్రపతి అయ్యాడు. 1980 జూన్ 24న కన్నుమూశాడు.

దోహాలో ఉంటూ ఈ చరిత్ర తలచుకుంటే ఒక మాట చెప్పక తప్పదు. యజమాని అనుమతి లేనిదే కూలివాడు మరొక పనిలో చేరరాదన్న నియమాన్ని ఖతార్ ప్రభుత్వం 2020లో తొలగించింది. 2021లో వెయ్యి రియాళ్ళ కనీస వేతనం అమలులోకి వచ్చింది. గిర్మిట్ వేరు, ఇది వేరు. అయినా అప్పుచేసి ఏజెంటుకు డబ్బు కట్టి వచ్చినవాని ముఖం చూసినప్పుడు, మన తాతల కథ వినియున్న మనకు అది కొత్త ముఖంగా తోచదు.

చదువుకు వెళ్ళే పిల్లలకు ఆవకాయతోపాటు ఈ కథ కూడ కట్టి పంపుదాము. డబ్లిన్ చేరినవారు ఒకమారు కింగ్స్ ఇన్స్ గుమ్మం దాకా వెళ్ళి చూడండి. మన పెద్దల కన్నీటికి సాక్ష్యం పలికిన ఒక తెలుగు విద్యార్థి ఆ మెట్లు ఎక్కాడు.