కొత్తదైనంత మాత్రాన

"పాత సూత్రాలను ధిక్కరించటమే అభ్యుదయం కాదా?" అని ఒక విద్యార్థి నన్నడిగాడు. అతని మనస్సులో ఉన్నది ఈఎండ్రైవ్ యంత్రం.

రాకెట్టు వాయువును వెనుకకు చిమ్ముతుంది గనుక ముందుకు పోతుంది. ఏమీ చిమ్మకుండా కదలాలనే ఆశ పాతదే. 1959లో అమెరికాలో నార్మన్ డీన్ అటువంటి యంత్రానికి పేటెంటు పొందాడు, అది నిలవలేదు. మూసిన లోహపాత్రలో మైక్రోవేవ్ తరంగాలను నింపి నౌకను నడపవచ్చునని ఈ శతాబ్దారంభంలో బ్రిటిష్ ఇంజనీరు రోజర్ షాయర్ అన్నాడు. పడవలో కూర్చుని ఆ పడవనే తోయటం వంటిది ఇది. ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రానికి విరుద్ధం. అయినా 2016లో నాసా పరిశోధకులు కిలోవాట్టుకు 1.2 మిల్లీన్యూటన్ల తోపు కనిపించిందని ప్రకటించారు. అంటే గ్రాములో ఎనిమిదోవంతు బరువు!

జర్మనీలో డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ తాజ్మార్ బృందం దీనిని వెక్కిరించి ఊరుకోలేదు, తూచి చూసింది. యంత్రం వేడెక్కగా త్రాసు బిగింపులు వంగటమే ఆ "తోపు" అని 2021లో తేల్చింది.

అయితే ఏమీ చిమ్మకుండా సాగే నౌక అసాధ్యమా? కాదు. కాంతికి ఒత్తిడి ఉన్నదని చూపే ప్రయోగాన్ని రష్యన్ శాస్త్రజ్ఞుడు లెబెదేవ్ 1901లో ప్రచురించాడు. 2010లో జపాను నౌక ఇకారోస్ తెరచాప విప్పి సూర్యకాంతి తోపుతో వేగం పుంజుకున్నది. తోసినది బయటి కాంతి, సూత్రం చెక్కుచెదరలేదు.

2016 వార్తను తరగతిలో ఉత్సాహంతో చెప్పినవాణ్ణి నేను. 2021 ఫలితాన్ని అంత ఉత్సాహంతో చెప్పలేదు. సూత్రం పాతదని కాదనటం, ప్రకటన కొత్తదని కాదనటం, సంస్థ పెద్దదని నమ్మటం – మూడూ ఒక్కటే. ఆ విద్యార్థి ప్రశ్నలో నా తప్పు కూడ ఉన్నది.