లేహ్‌కు విమానమా.. రైలా? టికెట్ బుక్ చేసే ముందు ఈ లెక్క చూసుకోండి

వేసవి వచ్చిందంటే హైదరాబాద్, విజయవాడ, విశాఖ నుంచి లద్దాఖ్ వెళ్లాలనుకునే వారిలో మొదలయ్యే చర్చ ఒకటే. విమానంలో నేరుగా లేహ్‌లో దిగిపోవాలా? లేక రైలులో శ్రీనగర్ దాకా వెళ్లి, అక్కడి నుంచి రోడ్డు మార్గం పట్టాలా? చాలామంది ఛార్జీ, సమయం చూసి నిర్ణయం తీసుకుంటారు. కానీ లేహ్ విషయంలో ఆ రెండింటికంటే ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది. అదే ఎత్తు. లేహ్ పట్టణం సముద్రమట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. హైదరాబాద్ ఎత్తు సుమారు 540 మీటర్లే. ఈ తేడాను మీ శరీరం ఎన్ని రోజుల్లో దాటుతుందన్న దానిపైనే యాత్ర సాఫీగా సాగుతుందా, ఆసుపత్రిలో గడుస్తుందా అన్నది ఆధారపడి ఉంటుంది.

క్లుప్తంగా చెప్పాలంటే..

- సెలవు వారం రోజులే ఉంటే విమానమే మార్గం. అయితే మొదటి రెండు రోజులు పూర్తి విశ్రాంతికి కేటాయించాలి.
- 10 రోజులకు పైగా ఉంటే రైలులో శ్రీనగర్, అక్కడి నుంచి కార్గిల్ మీదుగా లేహ్ వెళ్లడం శరీరానికి సులువు.
- మనాలీ మార్గం కూడా రోడ్డే కదా అని ధీమా పడొద్దు. అది శ్రీనగర్ మార్గం కంటే చాలా ఎత్తుగా సాగుతుంది.
- తిరుగు ప్రయాణానికి విమానం తీసుకుంటే ఎత్తు పరంగా ఇబ్బంది లేదు. కిందికి దిగడం శరీరానికి మంచిదే.

ఎత్తుతో అసలు సమస్య ఏంటి?

పైకి వెళ్లేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి శాతం అంతే ఉంటుంది, సుమారు 21. తగ్గేది గాలి ఒత్తిడి. 3,500 మీటర్ల దగ్గర అది సముద్రతీరంలో ఉండేదానిలో దాదాపు 65 శాతమే. అంటే విశాఖలో ఒకసారి పీల్చిన గాలితో అందే ఆక్సిజన్‌లో మూడింట రెండొంతులే లేహ్‌లో అందుతుంది.

దీనికి శరీరం సర్దుకోగలదు. శ్వాస వేగం పెరుగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, క్రమంగా రక్తంలోనూ మార్పులు వస్తాయి. కాకపోతే దీనికి రోజులు పడుతుంది. ఆ సమయం ఇవ్వకపోతే తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం వంటివి మొదలవుతాయి. వీటినే అక్యూట్ మౌంటెన్ సిక్‌నెస్ అంటారు. సాధారణంగా ఎత్తుకు చేరిన 6 నుంచి 12 గంటల్లో ఇవి కనిపిస్తాయి. అందుకే మధ్యాహ్నం దాకా ‘నాకేం కాలేదు’ అన్నవారే రాత్రికి తల పట్టుకుని కూర్చుంటారు. వయసు తక్కువ, రోజూ జిమ్‌కు వెళ్తాం అన్న ధైర్యం ఇక్కడ పనిచేయదు. ఫిట్‌నెస్ ఎత్తు నుంచి కాపాడదు.

విమానంలో వెళ్తే..

హైదరాబాద్ నుంచి వెళ్లేవారు ఎక్కువగా ఢిల్లీలో విమానం మారుతారు. ఢిల్లీ నుంచి లేహ్‌కు గంటన్నర లోపే ప్రయాణం. విమానం లోపలి గాలి ఒత్తిడి సాధారణంగా 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తులో ఉండే స్థాయిలో ఉంటుంది. లేహ్‌లోని కుశోక్ బకుల రింపోచే విమానాశ్రయం ఎత్తు 3,256 మీటర్లు. అంటే పొద్దున ఢిల్లీలో టీ తాగిన మనిషి టిఫిన్ వేళకు ఆ ఎత్తులో నిలబడతాడు. శరీరానికి సర్దుకునే సమయం అసలు దొరకదు.

అందుకే విమానంలో వచ్చేవారు కనీసం 48 గంటలు లేహ్‌లోనే విశ్రాంతి తీసుకోవాలన్నది అక్కడ అందరికీ ఇచ్చే సూచన. విశ్రాంతి అంటే మార్కెట్ అంతా చుట్టేయడం కాదు. గదిలో ఉండటం, నీళ్లు తగినంతగా తాగడం, తేలికైన భోజనం చేయడం. మద్యం, నిద్రమాత్రలకు దూరంగా ఉండాలి. అర్ధరాత్రి హైదరాబాద్‌లో బయల్దేరి, నిద్ర లేకుండా ఢిల్లీ విమానాశ్రయంలో కూర్చుని, పొద్దున్నే లేహ్‌లో దిగేవారికి ఈ విశ్రాంతి మరింత అవసరం.

విమానంలో ఇంకో చిక్కు వాతావరణం. లోయలో మధ్యాహ్నం గాలులు పెరుగుతాయి కాబట్టి లేహ్ విమానాలు ఎక్కువగా ఉదయం పూటే నడుస్తాయి. మబ్బులు, మంచు ఉంటే రద్దవుతాయి. వేడి కూడా సమస్యే. పలుచని గాలికి వేడి తోడైతే విమానం పైకి లేవడం కష్టం. 2024 జులై చివర్లో ఎండల వల్ల లేహ్‌లో కొన్ని సర్వీసులు రద్దయ్యాయి. కాబట్టి తిరుగు ప్రయాణంలో ఢిల్లీ నుంచి అదే రోజు వేరే టికెట్ పెట్టుకోవద్దు. ఒక రోజు వెసులుబాటు ఉంచుకోండి.

రైలు ఎక్కడిదాకా వెళ్తుంది?

లేహ్‌కు రైలు మార్గం లేదు. అయితే 2025 జూన్ 6న చీనాబ్ వంతెనతో పాటు కట్రా–శ్రీనగర్ వందేభారత్ ప్రారంభమయ్యాక పరిస్థితి మారింది. అంతకుముందు కశ్మీర్ లోయలోని రైలు మార్గానికి దేశంలోని మిగతా రైల్వేతో కలయిక ఉండేది కాదు. ఇప్పుడు కట్రా నుంచి శ్రీనగర్‌కు దాదాపు మూడు గంటల్లో చేరుకోవచ్చు.

తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ నుంచి ఢిల్లీకి 25 గంటలకు పైనే పడుతుంది. ఢిల్లీ నుంచి కట్రాకు వందేభారత్‌తో పాటు రాత్రిపూట నడిచే రైళ్లూ ఉన్నాయి. విజయవాడ, వరంగల్ వాళ్లకు చెన్నై నుంచి కట్రా వెళ్లే అండమాన్ ఎక్స్‌ప్రెస్ కూడా ఉంది. అయితే అది రోజూ నడవదు, ప్రయాణం సుదీర్ఘం. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. వేసవిలో వైష్ణోదేవి యాత్రికుల రద్దీ వల్ల కట్రా రైళ్లు త్వరగా నిండిపోతాయి.

శ్రీనగర్ ఎత్తు 1,585 మీటర్లు. అక్కడి నుంచి లేహ్‌కు సుమారు 420 కిలోమీటర్లు. బస్సులు, షేర్డ్ ట్యాక్సీలు దొరుకుతాయి. ఈ దారిలో జోజిలా కనుమ 3,528 మీటర్లు, ఫోతులా 4,108 మీటర్ల ఎత్తులో ఉంటాయి. కానీ మధ్యలో రాత్రి బస చేసే కార్గిల్ 2,676 మీటర్లే. పగలు ఎత్తుకు ఎక్కి, రాత్రి తక్కువ ఎత్తులో పడుకోవడం శరీరానికి కావాల్సిన పద్ధతి. శ్రీనగర్‌లో ఒక రాత్రి, కార్గిల్‌లో ఒక రాత్రి గడిపితే లేహ్ చేరేసరికి శరీరం కొంత సిద్ధమై ఉంటుంది.

రోడ్డు మార్గాలన్నీ ఒకటి కాదు

ఇక్కడే చాలామంది పొరబడతారు. రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తాం కాబట్టి ఏ దారైనా సురక్షితమే అనుకుంటారు. చండీగఢ్ దాకా రైలులో వెళ్లి, మనాలీ మీదుగా లేహ్ వెళ్లే దారి చూడండి. మనాలీ 2,050 మీటర్లు. అటల్ సొరంగం దాటాక వచ్చే కేలాంగ్ సుమారు 3,080 మీటర్లు. అక్కడి దాకా బాగానే ఉంటుంది. ఆ తర్వాత బారాలాచా లా 4,890 మీటర్లు, తంగ్లంగ్ లా 5,300 మీటర్లకు పైనే. ప్రయాణాన్ని రెండుగా విడగొట్టేందుకు చాలామంది రాత్రి ఆగే సర్చు సుమారు 4,290 మీటర్లు. అంటే లేహ్ కంటే దాదాపు 800 మీటర్లు ఎక్కువ ఎత్తులో టెంట్‌లో పడుకుంటున్నారన్నమాట. అక్కడ అస్వస్థత వస్తే దగ్గర్లో పెద్ద ఆసుపత్రి ఉండదు. అదే లేహ్‌లో అయితే ఎస్‌ఎన్‌ఎం ఆసుపత్రి పట్టణంలోనే ఉంది.

మనాలీ మార్గమే ఎంచుకుంటే మనాలీలో ఒకట్రెండు రాత్రులు, కేలాంగ్ లేదా జిస్పాలో ఇంకో రాత్రి ఆగి, మర్నాడు తెల్లవారుజామునే బయల్దేరి సర్చులో ఆగకుండా లేహ్ చేరడం మేలు. హిమాచల్ ఆర్టీసీ సీజన్‌లో నడిపే ఢిల్లీ–లేహ్ బస్సు కూడా రాత్రికి కేలాంగ్‌లోనే ఆగుతుంది.

రైలే అంత ఎత్తుకు వెళ్తే?

టిబెట్‌లో ఇదే జరుగుతుంది. 2006 జులై 1న ప్రారంభమైన గోల్ముడ్–లాసా మార్గం తంగులా కనుమ దగ్గర 5,072 మీటర్లకు చేరుతుంది. బోగీల్లో ఆక్సిజన్ సరఫరా ఉంటుంది. 2,200 మీటర్లకు పైన ఉన్న షినింగ్ నుంచి 3,650 మీటర్ల లాసాకు చేరడానికి ఒక రోజు లోపే పడుతుంది. అందుకే రైలులో వెళ్లినా లాసాలో దిగాక విశ్రాంతి తప్పదు. రైలు నెమ్మదిగా వెళ్తుందన్న మాట విమానంతో పోలిస్తేనే నిజం. శరీరం లెక్క గంటల్లో కాదు, మొదటి కొన్ని రాత్రులు ఎంత ఎత్తులో పడుకున్నారన్న దానిలో ఉంటుంది.

రోజుల లెక్క ఇలా..

విమానంలో వెళ్తే మొదటి రోజే లేహ్. కానీ రెండు రోజులు విశ్రాంతి పోతే అసలు తిరగడం మూడో రోజు మొదలవుతుంది. రైలులో అయితే రెండో రోజు ఢిల్లీ, మూడో రోజు శ్రీనగర్, నాలుగో రోజు కార్గిల్, ఐదో రోజు సాయంత్రానికి లేహ్. ఆరో రోజు నుంచి లేహ్ చుట్టుపక్కల తిరగొచ్చు. అంటే తేడా మూడు రోజులే. ఆ మూడు రోజుల్లో శ్రీనగర్, సోనమార్గ్, ద్రాస్, కార్గిల్ కూడా చూస్తారు. రైళ్ల వేళలు కుదరకపోతే ఇంకో రోజు కలుపుకోవాలి.

లేహ్ చేరాక కూడా ఇదే సూత్రం. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. పాంగాంగ్ సరస్సు 4,200 మీటర్లకు పైన ఉంటుంది. నుబ్రా లోయలోని హుందర్ లేహ్ కంటే తక్కువ ఎత్తులో ఉంటుంది, కానీ దారిలో 5,300 మీటర్లు దాటే ఖర్దుంగ్ లా ఎక్కాలి. అక్కడ ఎక్కువసేపు ఆగొద్దు. ముందు నుబ్రా, ఆ తర్వాతే పాంగాంగ్ పెట్టుకోండి.

ఎవరికి ఏది?

- పెద్దవాళ్లు, పిల్లలతో వెళ్లే కుటుంబాలకు: సమయం ఉంటే శ్రీనగర్ మార్గం. రెండు పగళ్లు కొండ దారుల్లో కూర్చోలేని వారికి విమానం, రెండు రోజుల విశ్రాంతి.
- శీతాకాలంలో వెళ్లేవారికి: విమానమే. మనాలీ మార్గం నెలల తరబడి మూసి ఉంటుంది. జోజిలా కూడా మంచుకు మూతపడుతుంది.
- గుండె, ఊపిరితిత్తుల జబ్బులు, తీవ్రమైన రక్తహీనత, సికిల్ సెల్ ఉన్నవారు, గర్భిణులు: ఏ మార్గమైనా డాక్టర్‌ను అడగకుండా టికెట్ కొనొద్దు.

ఈ లక్షణాలు కనిపిస్తే ఆగొద్దు

మామూలు తలనొప్పి, వికారం ఉంటే ఇంకా పైకి వెళ్లకుండా అక్కడే ఆగాలి. తగ్గకపోతే కిందికి దిగాలి. కూర్చున్నా ఆయాసం రావడం, తెరలు తెరలుగా దగ్గు, పెదాలు నీలంగా మారడం ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందనడానికి సంకేతాలు. నడక తూలడం, మాట తడబడటం, అయోమయం మెదడు వాపునకు గుర్తులు. ఈ రెండూ ప్రాణాంతకం. వెంటనే ఆక్సిజన్ పెట్టించి, కిందికి తరలించాలి. తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు.

ముందుజాగ్రత్తగా వాడే ఎసిటజోలమైడ్ మాత్ర ప్రయాణానికి ముందు రోజు నుంచే మొదలుపెట్టాల్సి ఉంటుంది. సల్ఫా మందులు పడనివారికి ఇది ఇబ్బంది కావచ్చు. స్నేహితులు చెప్పారని కాకుండా డాక్టర్ రాసిస్తేనే వాడండి.

బయల్దేరే ముందు

- ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూకశ్మీర్, లద్దాఖ్‌లో పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ ఉండాలి. ఫోన్‌లో యూపీఐనే నమ్ముకోకుండా కొంత నగదు ఉంచుకోండి.
- ఆక్సిజన్ క్యాన్‌లను విమానంలోకి అనుమతించరు. లేహ్‌లోనే కొనుక్కోవచ్చు. అయితే అవి కొన్ని నిమిషాల ఉపశమనానికే, చికిత్సకు కాదు.
- కొండచరియలు, మంచు, భద్రతా కారణాలతో దారులు మూసేస్తుంటారు. బయల్దేరే రోజు ఉదయం పోలీసు, జిల్లా యంత్రాంగం ప్రకటనలు చూసుకోండి.
- రోజూ వేసుకునే బీపీ, షుగర్ మాత్రలు చెక్-ఇన్ లగేజీలో కాకుండా చేతి బ్యాగులోనే పెట్టుకోండి.

వెళ్లేటప్పుడు శ్రీనగర్ మీదుగా, వచ్చేటప్పుడు విమానంలో.. 10 రోజులు చేతిలో ఉన్నవారికి అన్ని విధాలా కుదిరే ప్లాన్ ఇదే. అన్ని రోజులు లేనివారు విమానం టికెట్‌తో పాటు లేహ్‌లో రెండు రోజుల విశ్రాంతికి కూడా ఇప్పుడే గది బుక్ చేసుకోవాలి.