చవక రౌటర్ బిట్లు

చెక్క అంచులు తీర్చడానికి, గాళ్లు తియ్యడానికి రౌటర్ లేదా ట్రిమ్మర్ మిషన్‌కు బిగించే కోత పనిముట్టు రౌటర్ బిట్. తక్కువ ధర బిట్లను 12, 15 చొప్పున చిన్న పెట్టెలో పేర్చి అమ్ముతారు. పేరున్న కంపెనీ బిట్లు ఒకటో రెండో కొనే డబ్బుకు పెట్టె మొత్తం వచ్చేస్తుంది. సెలవురోజున సరదాకి చెక్కపని చేసేవారికి ఇందులోని చిన్న బిట్లు బాగానే పనికొస్తాయి. పెద్దవాటి జోలికి మాత్రం పోకపోవడం మంచిది.

నిర్మాణం

ఉక్కు కాడకు టంగ్‌స్టన్ కార్బైడ్ పలుకులను బ్రేజింగ్‌తో అతికిస్తారు. టంగ్‌స్టన్ కార్బైడ్ రేణువులను కోబాల్ట్ పట్టి ఉంచుతుంది. మన వడ్రంగులు ఈ కార్బైడ్‌ను 'విడియా' అంటారు. జర్మనీకి చెందిన క్రుప్ కంపెనీ 1920లలో పెట్టిన వ్యాపార నామం అది. జర్మన్‌లో 'వజ్రం లాంటిది' అనే మాటల నుంచి పుట్టింది. కార్బైడ్ లేని హైస్పీడ్ స్టీల్ (హెచ్‌ఎస్‌ఎస్) బిట్లకు పదును బాగానే వస్తుంది కానీ నిలవదు. ప్లైవుడ్, ఎండీఎఫ్‌లలోని జిగురు దాన్ని త్వరగా తినేస్తుంది. టేకులో ఉండే సిలికా కూడా అంతే.

చవక బిట్లో కోత పెట్టేదీ కార్బైడే. తేడా అంతా పలుకు మందంలో, నూరిన నునుపులో, అతుకులో, బేరింగ్‌లో ఉంటుంది.

కొనేటప్పుడు

బిట్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడాలి. పలుకుకూ ఉక్కుకూ మధ్య అతుకు గీత ఎడతెగకుండా కనబడాలి; నల్లటి చుక్కలో, సందో ఉంటే పక్కన పెట్టెయ్యాలి. కాడను అద్దం పలక మీద ఆనించి, తల భాగం అంచు దాటి ఉండేలా దొర్లిస్తే వంకర ఇట్టే తెలిసిపోతుంది. బేరింగ్‌ను వేలితో తిప్పితే గరగరమనకూడదు.

అన్నిటికన్నా ఎక్కువమంది పొరపడేది కాడ కొలత దగ్గర. పావు అంగుళం అంటే 6.35 మి.మీ. బజారులో 6 మి.మీ. కాడలూ దొరుకుతాయి, కంటికి రెండూ ఒకటే. మిషన్‌లో కాడను పట్టి ఉంచే కొల్లెట్ పావు అంగుళానిదైతే, అందులో 6 మి.మీ. కాడ పెడితే పట్టు చాలదు. పని మధ్యలో బిట్ మెల్లగా కిందికి జారి గాడి లోతైపోతుంది, లేదా ఏకంగా ఊడిపోతుంది. ఇది బిట్ నాణ్యతకు సంబంధించిన లోపం కాదు, అయినా నింద దాని మీదే పడుతుంది.

వేగం, ప్రమాదం

నిమిషానికి 24,000 చుట్లు తిరిగే మిషన్‌లో 6 మి.మీ. బిట్ అంచు సెకనుకు సుమారు 7.5 మీటర్లు కదులుతుంది. అదే వేగంలో 50 మి.మీ. బిట్ అంచు 63 మీటర్లు, అంటే గంటకు 226 కిలోమీటర్లు పోతుంది. ఆ ఊపులో అతుకు విడిన పలుకు ఎటు ఎగురుతుందో చెప్పలేం. అందుకే 50 మి.మీ. బిట్లను సుమారు 16,000 చుట్లకు మించి తిప్పరు. వేగం తగ్గించే వీలు లేని ట్రిమ్మర్‌కు వాటిని అసలు బిగించకూడదు. చేత్తో నడిపే పనికి తగిన బిట్ మీద యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 847-1 ప్రకారం 'ఎంఏఎన్' గుర్తు, గరిష్ఠ వేగం చెక్కి ఉంటాయి. తలుపు పలకలకు వాలు తీసే పెద్ద బిట్లు ఆ వివరాలు చూసి, విడిగా కొనాల్సినవే.

వాడకం

పెట్టెలో ఎన్ని ఉన్నా చేతికి తరచూ వచ్చేవి నాలుగైదే: స్ట్రెయిట్ బిట్, సన్‌మైకా అంచు కోసే బేరింగ్ బిట్, రౌండ్ ఓవర్, వి-గాడి. మిగతావి ఏడాదికోసారి బయటికొస్తే గొప్ప. ముందుగా మొద్దుబారిన బిట్ ఏదో చూసి, దాని స్థానంలో మాత్రం మంచిది కొంటే సరిపోతుంది.

చెక్క మాడిన ప్రతిసారీ తప్పు బిట్‌ది కాదు. చెయ్యి ఒకేచోట ఆగినా, పలుకుకు జిగురు పట్టినా మాడుతుంది. బేరింగ్ విప్పి, పలుకును కిరోసిన్‌తో తుడిస్తే సగం బిట్లు మళ్లీ దారికొస్తాయి. కాడను కొల్లెట్‌లో అడుగంటా దింపి రెండు మూడు మి.మీ. పైకి లాగి బిగించాలి. లోతైన గాడిని ఒక్క దెబ్బకు కాకుండా కొద్దికొద్దిగా తియ్యాలి. డైమండ్ ఆకురాయితో పదును పెట్టేటప్పుడు పలుకు చదునుగా ఉన్న ముఖాన్నే రుద్దాలి, బయటి అంచు ముడితే కొలత మారిపోతుంది. చవక బిట్ల పలుచటి పలుకు అలాంటి రుద్దుళ్లను ఎక్కువసార్లు ఓర్చుకోదు.