జైసల్మేర్ హవేలీల బాట: నీటిని దాచుకున్న ఊరికి నీటితోనే ముప్పు

రాజస్థాన్ పశ్చిమపు అంచున థార్ ఎడారిలో ఉన్న జైసల్మేర్ ఒకనాటి సంస్థాన రాజధాని. భాటీ రాజపుత్ర వంశీయుడైన రావల్ జైసల్ 1156లో త్రికూటమనే గుట్టపై ఈ దుర్గానికి పునాది వేశాడు. గుట్ట, కోట, కోట కింది ఇళ్లు అన్నీ ఒకే పసుపు రాతివి. సాయంకాలపు ఎండలో ఊరంతా బంగారు పూత పూసినట్లు కనిపిస్తుంది. సత్యజిత్ రాయ్ 1974లో తీసిన 'సోనార్ కెల్లా' చిత్రం ఈ కోటకు తెచ్చిన పేరు ఇంతా అంతా కాదు. బెంగాలీ యాత్రికులు నేటికీ ఆ సినిమాను తలుచుకుంటూనే ఇక్కడికి వస్తారు.

ఊరిని చూడడానికి వాహనం అవసరం లేదు. పాత నివాసాలన్నీ నడక దూరంలోనే ఉన్నాయి. తెల్లవారగానే బయలుదేరితే ఎండ ముదిరేలోపు సగం చూడవచ్చు. నడకను గడీసర్ చెరువు వద్ద ప్రారంభించడం మేలు. అది నివాసం కాదు గదా అనిపించవచ్చు. కానీ ఆ చెరువు లేకుంటే ఇక్కడ నివాసాలే ఉండేవి కావు. 14వ శతాబ్దిలో మహారావల్ గడసీ సింగ్ బాగు చేయించిన ఈ చెరువులో నిలిచిన వాన నీరే కొన్ని వందల ఏళ్లు ఊరి దాహం తీర్చింది. స్త్రీలు బిందెలతో ఇక్కడి నుంచే నీరు మోసుకుపోయేవారు. వర్షం అరుదైన ఈ నేలలో ప్రతి బిందెకూ లెక్క ఉండేది. స్నానం చేసిన నీటితో బట్టలు ఉతకడం, ఆ నీటినే మళ్లీ ఇల్లు అలకడానికి వాడడం ఇక్కడి కుటుంబాలకు అలవాటు. ఈ మాట గుర్తు పెట్టుకోవాలి. కోటలోకి వెళ్లాక దీనితో పని పడుతుంది.

చెరువు నుంచి కోట వైపు వస్తుంటే సాలిం సింగ్ హవేలీ ఎదురవుతుంది. 19వ శతాబ్ది ఆరంభంలో సంస్థానానికి దివానుగా ఉన్న సాలిం సింగ్ నివాసమిది. కింది భాగం సన్నగా, పై అంతస్తు నెమలి పింఛం విప్పినట్లు వెడల్పుగా ఉంటుంది. పైన 38 గవాక్షాలున్నాయి. ఏ ఒక్కదాని చెక్కడమూ మరొకదానిని పోలి ఉండదని చెబుతారు. ఇంటి అందానికీ యజమాని కీర్తికీ పొంతన లేదు. ఆయన పన్నుల పీడనను కర్నల్ జేమ్స్ టాడ్ తన రాజస్థాన్ చరిత్రలో తీవ్రంగా నిందించాడు. ఊరికి 18 కిలోమీటర్ల దూరంలో పాడుబడిన కుల్ధారా గ్రామం నుంచి పాలీవాల్ బ్రాహ్మణులు ఒకే రాత్రి వెళ్లిపోవడానికి ఇతడే కారణమని జానపదుల కథ. ఒక్క రాత్రిలో ఊళ్లు ఖాళీ కావడం కథకు బాగుంటుంది. నీటి కొరత, పన్నుల భారం కలిసి క్రమంగా ఖాళీ చేయించి ఉంటాయన్న పరిశోధకుల మాటే నమ్మదగినదిగా తోస్తుంది. రాజప్రాసాదంతో సమానమైన ఎత్తుకు మరో రెండు అంతస్తులు లేపితే మహారావల్ వాటిని కూల్చివేయించాడని కూడా ఒక కథ ప్రచారంలో ఉంది.

అక్కడి నుంచి అఖై పోల్, సూరజ్ పోల్, గణేశ్ పోల్, హవా పోల్ అనే నాలుగు ద్వారాలు దాటితే కోట నడిబొడ్డున ఉన్న దసరా చౌక్ చేరుకుంటాము. 99 బురుజుల ఈ కోట 2013లో రాజస్థాన్ కొండకోటలలో ఒకటిగా యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. దీని ప్రత్యేకత రాజమహలూ కాదు, జైన దేవాలయాలూ కాదు. ఇందులో నేటికీ వేల మంది జనం కాపురముండడమే. పూర్వం రాజు కొలువులో పనిచేసిన బ్రాహ్మణ, రాజపుత్ర కుటుంబాల వారసులు వీరిలో ఎక్కువ. గుమ్మం పక్క గోడపై గణపతి బొమ్మ, దాని కింద వధూవరుల పేర్లు, పెళ్లి తేదీ కనిపిస్తాయి. పెళ్లి జరిగిన ప్రతి ఇంటి ముందూ ఆ పిలుపు ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

అసలు చిక్కు ఈ సందుల్లోనే ఉంది. చుక్క నీరు వృథా కాని కాలంలో కట్టిన కోట ఇది. మట్టి పూతతో, కర్ర దూలాలతో వేసిన పైకప్పులు, తేలికపాటి కాలువలు ఆ కాలానికి సరిపోయాయి. ఇందిరా గాంధీ కాలువ నీరు ఎడారికి చేరాక, ఇంటింటికీ కుళాయిలు వచ్చాక, పర్యాటకుల కోసం ఇళ్లు అతిథి గృహాలుగా మారాక నీటి వాడకం ఎన్నో రెట్లు పెరిగింది. వాడిన నీరు బయటికి పోయే దారి మాత్రం ఆ మేరకు పెరగలేదు. కారిన నీరు గుట్టలోని బంకమట్టి పొరల్లోకి ఇంకుతుంది. తడిసిన మట్టి ఉబ్బి, జారి, పైనున్న గోడలను కదిలిస్తుంది. గత శతాబ్ది చివరి సంవత్సరాలలో కొన్ని బురుజులు కూలాయి. ప్రపంచ స్మారకాల నిధి సంస్థ 1996, 1998, 2000 సంవత్సరాలలో ఈ కోటను ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. 2024 ఆగస్టు వర్షాలకు కోట ప్రహరీలో కొంత భాగం మళ్లీ కూలింది.

జనాన్ని ఖాళీ చేయిస్తే సరిపోతుందన్న మాట అప్పుడప్పుడూ వినిపిస్తుంది. కానీ తాళం వేసిన రాతి ఇంటికి ఆయుష్షు తక్కువ. ప్రతి వానకు ముందు కప్పు సరిచూసుకునేది, కదిలిన రాయిని మొదట పసిగట్టేది అందులో ఉండేవారే. హోటళ్ల సంఖ్యకు హద్దు పెట్టడం, మురుగు కాలువలను కారకుండా చూడడం కష్టమైన పనులు. జనాన్ని తరలించడం వాటికి ప్రత్యామ్నాయం కాజాలదు.

కోట దిగి ఉత్తరంగా నడిస్తే ఇరుకు సందులో పట్వాల హవేలీలు కనిపిస్తాయి. గుమాన్ చంద్ పట్వా అనే జైన వర్తకుడు తన ఐదుగురు కుమారుల కోసం 1805లో మొదలుపెట్టించిన ఐదు నివాసాల వరుస ఇది. పూర్తి కావడానికి సుమారు అర్ధ శతాబ్ది పట్టింది. జరీ, నల్లమందు, వడ్డీ వ్యాపారాలు ఆ సంపదకు మూలం. సింధు వైపు సాగిన ఒంటెల బిడారుల దారి ఈ ఊరి మీదుగానే పోయేది. బొంబాయి రేవు పెరిగాక ఆ దారి వెలవెలబోయింది. దేశ విభజనతో పూర్తిగా తెగిపోయింది. ఐదింటిలో ఒకటి నేడు ప్రైవేటు మ్యూజియం, కొన్ని ప్రభుత్వ సంరక్షణలో ఉన్నాయి.

ఒక్క హవేలీకే సమయమున్నవారు ఇక్కడే ఆగాలి. ముందుకు పొడుచుకొచ్చిన ఝరోఖాలు కింది గోడకు నీడ పడతాయి. జల్లెడలా తొలిచిన రాతి తెరల గుండా గాలి వస్తుంది, ఎండ రాదు. లోపలి స్త్రీలు వీధిని చూడవచ్చు, వీధి వారికి వారు కనిపించరు. గోదావరి జిల్లాల మండువా లోగిలి చూసినవారికి ఇంటి నడుమనున్న ఖాళీ జాగా పరిచయమైనదిగానే అనిపిస్తుంది. అక్కడ అది వాన నీటిని లోపలికి పిలుస్తుంది. ఇక్కడ వేడి గాలిని పైకి పంపుతుంది. సున్నం అతి తక్కువగా వాడి, రాయికి రాయి గాడి కోసి అమర్చారు. అవసరమైన చోట ఇనుప పట్టీలు బిగించారు. అందుచేత గోడను ఊడదీసి మళ్లీ కట్టడం సాధ్యమే. మరమ్మతులకు ఇదే ఆధారం. ఈ పని చేసినవారు సిలావట్లు అనే ముస్లిం శిల్పి కుటుంబాలు. వర్తకుల సంపద తరిగాక వారిలో పలువురు కరాచీ చేరి అక్కడి కట్టడాలలో తమ చేతి పని చూపారు.

నడకలో చివరిది నథ్మల్ హవేలీ. 1885 నాటి ఈ దివాను నివాసాన్ని హాథీ, లాలూ అనే సోదరులు కుడి ఎడమలుగా పంచుకుని ఏకకాలంలో చెక్కారంటారు. దూరం నుంచి రెండు వైపులూ ఒకటే. దగ్గరికి వెళ్లి చూస్తే ఒక్కొక్క తేడా బయటపడుతుంది. గుమ్మానికి ఇరువైపులా పసుపు రాతి ఏనుగులు నిలిచి ఉన్నాయి. దివాను వారసులు ఇప్పటికీ ఇక్కడ ఉంటున్నారు కనుక లోపలికి అడుగు పెట్టేముందు, ఫొటో తీసేముందు ఇంటివారిని అడగడం మర్యాద. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ నడకకు అనువైన కాలం. వేసవిలో మధ్యాహ్నం పూట ఈ సందులలో స్థానికులు కూడా తిరగరు.