పట్టికలో చోటు లేని విజేతలు

1956 డిసెంబరు 1న మెల్‌బోర్న్ ఒలింపిక్ పార్కులో మన ఫుట్‌బాల్ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. కోచ్ మన హైదరాబాదు రహీం సాబ్. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం... ఆ జట్టు జాబితా చదువుతుంటే మన ఊరి హాజరుపట్టీ చదివినట్టే ఉంటుంది. పాతబస్తీ అలియాబాద్‌లో పెరిగిన నాకు ఈ కథ చిన్నప్పుడే నోటికొచ్చు. ఇక్కడ మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డాక తెలిసిన సంగతి వేరే ఉంది. ఆ రోజు గెలిచిన మనవాళ్ళలో ఎవరైనా ఈ దేశంలోనే ఉండిపోతానని అడిగి ఉంటే, చట్టం ఒప్పుకునేది కాదు.

1901లో ఆరు వలస రాజ్యాలు కలిసి ఆస్ట్రేలియా ఒక దేశమైంది. ఆ ఏడాదే వలసల మీద ఆంక్షల చట్టం తెచ్చారు. తెల్లవాళ్ళు కానివాళ్ళను రానివ్వకూడదన్నదే దాని ఉద్దేశం, కానీ ఆ మాట చట్టంలో ఎక్కడా రాయలేదు. ఓడ దిగినవాడికి డిక్టేషన్ పెట్టేవారు. అధికారి ఏదో ఒక యూరప్ భాషలో యాభై మాటలు చదువుతాడు, విన్నవాడు రాయాలి. ఏ భాష అన్నది అధికారి ఇష్టం. 1934లో ఎగాన్ కిష్ అనే ప్రేగ్ పాత్రికేయుడు వచ్చాడు. ఆయనకు చాలా భాషలు వచ్చని తెలిసి, స్కాట్లాండ్‌లో కొద్దిమంది మాత్రమే మాట్లాడే గేలిక్‌లో పరీక్ష పెట్టారు. ఆయన కోర్టుకెళ్ళి నెగ్గాడు. పేరూ పలుకుబడీ లేని మామూలు మనిషి మాత్రం వచ్చిన ఓడలోనే వెనక్కి పోవాల్సిందే.

ఆ తలుపు కాస్త తెరుచుకోవడానికి యుద్ధం కావలసి వచ్చింది. 1942లో జపాన్ డార్విన్ నగరం మీద బాంబులు వేసింది. ఇంత పెద్ద నేల, జనం చూస్తే సుమారు 70 లక్షలు. ఇలాగైతే దేశం నిలవదన్న భయం పుట్టింది. 1945లో వలసల శాఖ పెట్టి ఆర్థర్ కాల్వెల్‌ను మంత్రిని చేశారు. ముందు బ్రిటిష్‌వాళ్ళను పిలిచారు, చాలలేదు. యుద్ధంలో ఇల్లూ వాకిలీ పోయిన తూర్పు యూరప్ జనాన్ని తెచ్చారు, అదీ చాలలేదు. ఇటలీతో ఒప్పందం చేసుకున్నారు, 1952లో గ్రీసుతో చేసుకున్నారు. మనలాంటివాళ్ళ వంతు ఇంకా చాలాకాలానికి వచ్చింది, 1973లో విట్లాం ప్రభుత్వం శ్వేత ఆస్ట్రేలియా విధానానికి పూర్తిగా మంగళం పాడాక.

పోర్ట్ మెల్‌బోర్న్‌లో స్టేషన్ పియర్ అనే ఓడరేవు వంతెన ఉంది. గ్రీకులు దిగింది అక్కడే. అక్కడి నుంచి కార్ల ఫ్యాక్టరీలకు, బట్టల మిల్లులకు షిఫ్టు పనికి పోయారు. పని చేయించుకున్నారు, మర్యాద మాత్రం ఇవ్వలేదు. ట్రాములో సొంత భాషలో మాట్లాడితే పక్కవాళ్ళు గదమాయించేవారు. ఈ ఊరిది కోడిగుడ్డు ఆకారపు బంతితో, చేతులూ కాళ్ళూ రెండూ వాడి ఆడే మరో ఆట. గుండ్రటి బంతి ఆటను పరాయివాళ్ళ ఆటగా, చిన్నచూపుగా చూసేవారు. కనుక ఆదివారం ఫుట్‌బాల్ మైదానం ఒక్కటే వాళ్ళు గొంతెత్తి మాట్లాడగలిగిన చోటైంది. పెళ్ళి సంబంధాలు, ఇల్లు కొనడానికి చేబదుళ్ళు, ఊరి నుంచి వచ్చిన ఉత్తరాలు చదివి వినిపించడం, అన్నీ అక్కడే జరిగేవి. 1959లో మూడు చిన్న క్లబ్బులు ఒకటై సౌత్ మెల్‌బోర్న్ హెల్లాస్ పుట్టింది. నేను అభిమానించే క్లబ్ అదే.

ఇదేమీ చిన్నాచితకా క్లబ్ కాదు. 1977లో జాతీయ లీగ్ మొదలైనప్పటి నుంచి ఉంది. 1984, 1991, 1998, 1999లో దేశ ఛాంపియన్. 1989లో దీనికి కోచ్‌గా వచ్చినవాడు ఫెరెంక్ పుష్కాష్! హంగరీని ప్రపంచంలోనే గొప్ప జట్టుగా నిలిపి, 1956 తిరుగుబాటు తర్వాత స్వదేశానికి తిరిగి వెళ్ళకుండా ఉండిపోయిన పుష్కాష్. ఆ ఏడాది ఒలింపిక్స్‌లో మన జట్టు మొదట ఆడాల్సింది హంగరీతోనే, వాళ్ళు తప్పుకున్నందువల్ల మనం నేరుగా ముందుకు పోయాం. ఆ దేశపు వీరుడు ముప్ఫై మూడేళ్ళ తర్వాత ఫ్యాక్టరీ కూలీల పిల్లలకు ఆట నేర్పడానికి ఈ ఊరొచ్చాడు. ఆయనకు ఇంగ్లిష్ అంతంత మాత్రం. ఏథెన్స్‌లో పనాథినైకోస్‌కు కోచ్‌గా చేసినందువల్ల గ్రీకు వచ్చు. అందుకని కెప్టెన్ ఆంజ్ పోస్టెకోగ్లూ తన కారులో ఆయన్ని తిప్పుతూ, ఆయన చెప్పింది మిగతావాళ్ళకు ఇంగ్లిష్‌లో చెప్పేవాడు. ఆంజ్ కూడా అయిదేళ్ళ వయసులో అమ్మానాన్నలతో ఓడెక్కి వచ్చినవాడే. 1991 ఫైనల్‌లో ఆఖరి నిమిషాల్లో స్కోరు సమం చేసి, పెనాల్టీల మీద గెలిచారు. ఆ ఆట జరిగింది రహీం సాబ్ జట్టు గెలిచిన ఒలింపిక్ పార్కులోనే. ఆ స్టేడియాన్ని తర్వాత కూలగొట్టేశారు. ఆ దగ్గర్లో పుష్కాష్ విగ్రహం మాత్రం నిలబెట్టారు.

ఇక పతనం. దీన్ని ఆటలో ఓటమిగా చెప్పేవాళ్ళతో నేను ఒప్పుకోను. 1990లలో ఫుట్‌బాల్ పెద్దలు క్లబ్బులన్నీ జాతుల పేర్లు తీసేయాలన్నారు, మా పేరులో గ్రీసును సూచించే హెల్లాస్ పోయింది. కార్ల రేసు కోసం ఆల్బర్ట్ పార్కును మార్చినప్పుడు మా మిడిల్ పార్క్ మైదానం నేలమట్టమైంది. అయినా క్లబ్ కుంగిపోలేదు. ఆంజ్ కోచ్‌గా వరుసగా రెండుసార్లు దేశాన్ని గెలిచి, ఓషియానియా కప్పు కొట్టి, 2000 జనవరిలో మరకానా స్టేడియంలో మాంచెస్టర్ యునైటెడ్‌తో ఆడింది. 2-0తో ఓడిపోయింది నిజమే. కానీ అక్కడిదాకా నడిచిపోయిన క్లబ్ అది.

నాలుగేళ్ళు తిరిగేసరికి జాతీయ లీగ్ మూతపడింది. అప్పులున్నాయి, గ్యాలరీల్లో క్రొయేషియన్లకూ సెర్బులకూ కొట్లాటలు జరిగిన చరిత్ర ఉంది, మా క్లబ్ ఖాతాలూ దివాలా అంచున ఉన్నాయి. అవన్నీ కాదనను. కానీ 2005లో ఎ-లీగ్ అని కొత్తది పెట్టినప్పుడు వలసజనం కట్టిన పెద్ద క్లబ్బులను బయటే నిలబెట్టారు. మెల్‌బోర్న్‌కు కొత్తగా ఒక జట్టును తయారు చేశారు. కింది లీగులో గెలిస్తే పైకి రావచ్చా అంటే, ఆ దారే లేదు. ఎంత బాగా ఆడినా రాష్ట్ర లీగు దాటనివ్వలేదు. 2006, 2014, 2016లో విక్టోరియా ఛాంపియన్లయ్యాం, మర్నాడు ఉదయం ఉన్నచోటే ఉన్నాం. మాంచెస్టర్ యునైటెడ్ 2024-25 సీజన్‌లో 15వ స్థానానికి పడిపోయిందని ప్రపంచమంతా బాధపడింది. వాళ్ళకు పట్టికలో పదిహేనో చోటైనా ఉంది. 2025 మేలో వాళ్ళను ఓడించి యూరోపా లీగ్ కప్పు తీసుకున్న టాటెన్‌హామ్‌కు అప్పటి కోచ్ మా ఆంజ్. ఆ రాత్రి మా క్లబ్బువాళ్ళ ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

మా ఇప్పటి మైదానమైన లేక్‌సైడ్ స్టేడియంలో ఆట చూడటం అంత సుఖమేమీ కాదు. చుట్టూ పరుగు పందేల ట్రాక్ వేశారు, బంతి దూరంగా ఉంటుంది. చలికాలం సరస్సు మీంచి వచ్చే గాలి చెవులు కోస్తుంది. అయినా వస్తారు. బొగ్గుల మీద కాలిన మాంసం ముక్కలను రొట్టెలో చుట్టి, నిమ్మకాయ పిండి ఇస్తారు, సువ్లాకి. దానికి ఆటకంటే ముందు లైను కడతారు. అక్కడ ఒక తాత ప్రతి ఆటకూ నా పక్కనే కూర్చుంటాడు. నేను గోల్ పడలేదని తల పట్టుకుంటే, భుజం తట్టి, “ఆగు నాయనా, ఇంకా టైముంది” అన్న అర్థమొచ్చేలా గ్రీకులో ఏదో అంటాడు. ఏటా సభ్యత్వ రుసుము కడతాడు, ఓటేస్తాడు, కమిటీ లెక్కలు తప్పయితే సర్వసభ్య సమావేశంలో నిలదీస్తాడు.

ఆయన్ని చూసినప్పుడల్లా రహీం సాబ్ నడిపిన మన హైదరాబాదు సిటీ పోలీస్ జట్టు గుర్తొస్తుంది. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్ తెచ్చిన జట్టు. డ్యూరాండ్ కప్పు నాలుగుసార్లు. అసలు వృత్తి బడిపంతులైన రహీం సాబ్, ఆటగాళ్ళ బలహీనమైన కాలికి పదును పెట్టడానికి ఆ కాలితోనే ఆడాలని పోటీలు పెట్టాడు. కుడికాలి వాడు ఎడమకాలితో తడబడుతూ, పడుతూ లేస్తూ ఆడితే జనం మైదానం చుట్టూ మూగి చూసేవారని మా నాయన చెప్పేవాడు. 1963 జూన్‌లో రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయాడు. ఆ ఏడు రోవర్స్ కప్ వచ్చింది, మళ్ళీ రాలేదు. బలరాం అప్పటికే కలకత్తా వెళ్ళిపోయాడు, తర్వాత నయీముద్దీన్, హబీబ్ వెళ్ళారు. అక్కడ డబ్బుంది, పేరుంది, ఎవరినీ తప్పుపట్టలేం.

ఆ జట్టు ఒక మనిషి ప్రాణం మీద, ఒక శాఖ ఉద్యోగాల మీద నిలబడింది. మైదానం చుట్టూ మూగిన జనానికి అందులో ఓటు లేదు, రసీదు లేదు, అడిగే హక్కు లేదు. ప్రేమ ఉంది గానీ ఆ ప్రేమ పోయి కూర్చోవడానికి ఒక గది కూడా లేదు. అందుకే పెద్ద లీగ్ తలుపు బయట పెట్టినా గ్రీకుల క్లబ్ ఇరవయ్యేళ్ళుగా బతికే ఉంది, ఎవరూ వెళ్ళగొట్టకుండానే మనది చరిత్ర పుస్తకంలోకి వెళ్ళిపోయింది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ ఛాంపియన్ అయిన హైదరాబాద్ ఎఫ్‌సీ రెండేళ్ళకే అట్టడుగుకు జారినప్పుడు కూడా అభిమానుల చేతిలో ఏమీ లేకపోయింది.

2025 అక్టోబరులో ఆస్ట్రేలియన్ ఛాంపియన్‌షిప్ పేరుతో దేశవ్యాప్తంగా 16 క్లబ్బులకు పోటీ మొదలైంది, అందులో మా సౌత్ మెల్‌బోర్న్ ఉంది. ఎ-లీగ్‌కు మాత్రం అప్పుడూ దారి తెరవలేదు. మన హైదరాబాదు బార్కస్‌లో, షాలిబండలో ఇప్పటికీ బంతి వెంట పరుగెత్తే పిల్లలున్నారు. వాళ్ళ పెద్దలెవరైనా ఒక క్లబ్ పెట్టి, వంద రూపాయల సభ్యత్వంతో మనిషికో ఓటు అని రాసుకుంటే, నా పేరు చేర్చుకోండి. చందా నేను పంపిస్తాను. లెక్కలు అడగడానికి ఏటా సమావేశానికి వస్తాను.